పేరెత్తకూడని ప్రార్థన

ఫోను మోగుతూనే ఉంది. ఫ్రీడా తియ్యలేదు.

వంటింటి బల్ల దగ్గర కూర్చుని వెండెల్ కాల్చిన రొట్టెకు వెన్న రాస్తున్నాడు, మూలలు కూడా వదలకుండా. నలభై ఏళ్ళు మందుల షాపు నడిపిన చేతులవి. ఏ పని చేసినా అంత ఓపికే.

“ఫోను మోగుతోంది,” అన్నాడు.

“వినిపిస్తూనే ఉంది.”

“తియ్యవా?”

“తియ్యను.”

అతను ఆమె మొహంలోకి ఓసారి చూసి, మళ్ళీ రొట్టె మీదికి చూపు తిప్పుకున్నాడు. నిన్న మధ్యాహ్నం చర్చి నుంచి వచ్చిన దగ్గర్నుంచీ ఆమె అతనితో సరిగ్గా మాట్లాడలేదు. అన్నీ అమర్చిపెట్టింది, మాత్రలు అందించింది, కోటు విప్పించింది. మాట మాత్రం లేదు. ఎందుకు లేదో వెండెల్‌కి తెలియదు. ఫ్రీడాని కాల్చుకు తింటున్నది అదే. మొగుడి మీద అలగాలన్నా, అవతలి మనిషికి తన తప్పు గుర్తుండాలి కదా. గోడ మీద అలిగితే గోడకేం నష్టం?

“నేనేమన్నా చేశానా, ఫ్రీ?” అన్నాడు.

ఆమె కప్పు కడుగుతూనే ఉంది. కప్పు ఎప్పుడో శుభ్రమైపోయింది.

ఏం చేశాడో కిల్‌బర్న్ ఊరంతా చెప్పుకుంటోంది, చేసినవాడికి తప్ప. నిన్న సెయింట్ ఆల్బన్స్ చర్చిలో ఫాదర్ కోలమ్ ఎప్పటిలాగే లోకం కోసం, బిషప్‌గారి కోసం, జబ్బుపడ్డవాళ్ళ కోసం ప్రార్థించి, ఎప్పటిలాగే ఆగాడు. మీ మనసులో ఉన్నవారి పేర్లు పైకైనా సరే, మౌనంగానైనా సరే దేవుడికి చెప్పుకోమన్నాడు. ఆ ఖాళీలో ఎవరో మేనత్త మోకాలి గురించి గొణుగుతారు, ఎవరో సైన్యంలో ఉన్న మనవడి పేరు కాలరులోకి చెప్పుకుంటారు. ఆ ఊరి ఎపిస్కోపల్ చర్చి వాళ్ళు దేవుడి దగ్గర కూడా గొంతెత్తరు. అలాంటి చోట వెండెల్ లాక్‌హార్ట్ లేచి నిలబడ్డాడు. ఆఖరి బెంచీదాకా వినిపించేలా, బైబిలు పాఠం చదివే గొంతుతో అన్నాడు:

“మనకు గురువుగా రాబోతున్న రొవీనా పైక్ కోసం. ఆమె వదిలి రావలసిన మిల్‌బ్రిడ్జి సంఘం కోసం.”

“ప్రభువా, మా ప్రార్థన ఆలకించుము,” అన్నారు అందరూ అలవాటు కొద్దీ, నిండుగా. అన్న తరవాతగానీ దేనికి తలూపారో తెలిసిరాలేదు.

ఆ పేరు ఊళ్ళో ఆరుగురికే తెలియాలి. ఫాదర్ ఆంబ్రోజ్ రిటైరై వెళ్ళిపోయాక ఏడాదిన్నరగా ఆ చర్చికి రెక్టరు లేడు. అంటే సొంత గురువు లేడు, తాత్కాలికంగా వచ్చి నడిపే కోలమ్ తప్ప. గురువుని వెతకడానికి ఆరుగురితో ఎంపిక కమిటీ వేశారు. ఫ్రీడా దానికి పెద్ద. పెళ్ళి సంబంధాలకైనా అన్ని తిరుగుళ్ళు ఉండవు. మొదటి సంబంధం జీతం దగ్గర తప్పిపోయింది. రెండోది గాజు ఫ్యాక్టరీ మూతపడ్డ ఈ ఊరి వీధులు ఓసారి చూసి, మర్యాదగా వెనక్కి తిరిగింది. మూడోది రొవీనా. ఆమె నవ్వుతూ వచ్చి, పగిలిన కిటికీ అద్దాల కింద నిలబడి, ‘ఇక్కడ వెలుతురు బాగుందే’ అంది. ఫ్రీడాకి ఆ మాట విన్నప్పుడే ఏడుపొచ్చింది.

బిషప్‌గారు సరేననేదాకా, ఆమె తన సంఘానికి తన నోటితో చెప్పుకునేదాకా పేరు బయటికి రాకూడదు. అది ఆ సంఘాల్లో ప్రాణంలాంటి నియమం. ఆరుగురూ బలిపీఠం ముందు కమ్మీ మీద చెయ్యి పెట్టి ఒట్టు వేశారు. మిగతా అయిదుగురి చేత ఒట్టు వేయించింది ఫ్రీడాయే.

ఆమే చెప్పింది. ఏడాదిన్నరగా ఎవరితోనూ ఒక్క ముక్క అనలేక, కడుపుబ్బి, ఒక సాయంత్రం వెండెల్‌తో చెప్పేసింది. వెండెల్‌కి చెప్పడమంటే బావిలో రాయి వెయ్యడమే కదా అనుకుంది. రెండేళ్ళ నుంచీ అతని బుర్రలో ఏదీ నిలవడం లేదు. పొద్దున ఏం తిన్నాడో గుర్తుండదు. తమ్ముడు పోయాడని గుర్తుండదు. ఆమె చెప్పింది కూడా తెల్లారేసరికి పోతుందనుకుంది. చెప్పి ఊరుకోక, ‘ఆమె కోసం ప్రార్థన చెయ్యి, వెండెల్’ అంది. అతను చేశాడు.

ఫోను ఆగింది. వెంటనే పెరటి తలుపు దగ్గర బూట్ల మంచు దులుపుకుంటున్న చప్పుడు వినిపించింది.

వచ్చింది మెర్విన్ టేట్, సంఘ పెద్దల కమిటీకి నాయకుడు, పెద్ద వార్డెన్. ఫ్రీడాతో చిన్నప్పుడు ఒకే బడిలో చదువుకున్నవాడు. ముందు తలుపు తట్టి రావడం ఆ ఊళ్ళో శవం లేచినప్పుడే.

“రా మెర్వ్, కాఫీ తాగు,” అన్నాడు వెండెల్. “నీకేం, నువ్వు మారనే లేదు.”

ఇలాంటి మాటలు నాలుగైదు దగ్గర పెట్టుకున్నాడు వెండెల్. ఏ మనిషికైనా సరిపోతాయి, ఏ రోజుకైనా సరిపోతాయి. ఇన్నాళ్ళూ వాటితోనే నెట్టుకొచ్చాడు. ఫ్రీడా అతని చేతికి టోపీ ఇచ్చి, మెట్ల మీద మంచు గడ్డకట్టింది, కాస్త ఉప్పు చల్లి రమ్మంది. అతను సంతోషంగా వెళ్ళాడు.

మెర్వ్ కుర్చీలో కూర్చోలేదు. ఆర్గాన్ వాయించే పర్ల్ వాళ్ళ వదిన నిన్న చర్చికి వచ్చిందట. ఆవిడది మిల్‌బ్రిడ్జే. కాఫీలు చల్లారకముందే అక్కడికి కబురు వెళ్ళిపోయింది. రొవీనా మధ్యాహ్నం ఎవరినో చూడ్డానికి ఆస్పత్రికి వెళితే, మంచం మీదున్న ముసలావిడ ఆమె చెయ్యి పట్టుకుని, ‘మమ్మల్ని వదిలేసి పోతున్నావటగా’ అని ఏడ్చిందట. బిషప్‌గారి ఆఫీసు నుంచి మెర్వ్‌కి రెండుసార్లు ఫోను వచ్చింది.

“నీకు కూడా చేశారు. తియ్యడం లేదట,” అన్నాడు.

ఫ్రీడా అతని ముందు కాఫీ పెట్టింది.

“ఆరుగురం కమిటీలో ఉన్నాం. వెండెల్‌తో కలిసి ఉండేది నువ్వొక్కదానివే.”

“తెలుసు.”

“నువ్వు చెప్పావా?”

“చెప్పాను.”

మెర్వ్ ఆ జవాబు కోసం వచ్చాడు గాని, అంత తేలిగ్గా వస్తుందనుకోలేదు.

“చెప్పడం ఒక తప్పు. సరే, మొగుడూ పెళ్ళాల మధ్య మాట ఆగదు. నేనూ మా ఆవిడకి సగం చెప్పే ఉంటాను. కానీ ఫ్రీడా, వెండెల్ నోరు జారే మనిషి కాదు. మా నాన్న తాగుడు మానడానికి ఏళ్ళ తరబడి ఇతని దగ్గరే మందు తీసుకున్నాడు. ఆయన పోయాకగానీ నాకు తెలియలేదు. ఈ ఊళ్ళో ఎవరి రోగం ఏమిటో అన్నీ తెలిసి, ఒక్కటీ బయటపెట్టని మనిషి. అలాంటివాడు నలుగురిలో నిలబడి పేరు చెప్పాడంటే ఒకటే అర్థం. ఇక దాచక్కర్లేదని నువ్వే చెప్పి ఉంటావు.”

ఫ్రీడా కిటికీలోంచి చూసింది. వెండెల్ మెట్ల మీద ఉప్పు చల్లుతున్నాడు. చల్లిన మెట్టు మీదే మళ్ళీ చల్లుతున్నాడు.

మొగుడి మంచి పేరే తన మెడకు ఉరి అయింది. మెర్వ్ అనుకున్నది నిజం కాదని చెప్పాలంటే మొగుడి పేరు తియ్యాలి.

“ఏం మాట్లాడవేం?” అన్నాడు మెర్వ్.

“ఏం మాట్లాడను? నువ్వే అన్నీ అనేశావుగా.”

“ఆదివారం ఆరాధన అయ్యాక కమిటీ కూర్చుంటోంది. నువ్వొచ్చి జరిగింది జరిగినట్టు చెప్పాలి. రొవీనాకి కావలసింది అదేనట. ఎలా పొక్కిందో నిజం తెలిస్తేగాని వచ్చేదీ రానిదీ చెప్పనంది. ఆమె కూడా రానంటే ఏమవుతుందో తెలుసుగా? నది అవతలి చర్చితో కలిపేస్తారు. రెండు వారాలకోసారి గురువు వస్తాడు, తరవాత నెలకోసారి, తరవాత తాళం. మీ అమ్మని అక్కడే పాతిపెట్టాం, మా నాన్ననీ అక్కడే.” ముట్టని కాఫీ పక్కకు జరిపాడు. “కాలు జారితే తీసుకోగలం, ఫ్రీడా. నోరు జారితే ఏం చేస్తాం?”

వెళుతూ వెళుతూ మెట్ల దగ్గర వెండెల్ భుజం తట్టాడు. ‘అంతా బాగేనా?’ అన్నాడు వెండెల్. ‘బాగే’ అన్నాడు మెర్వ్, మొహం పక్కకు తిప్పుకుని.

చెప్పెయ్యొచ్చు. ఒక్క వాక్యం చాలు. నా మొగుడికి మతి పోతోంది, ఏది చెప్పాలో ఏది చెప్పకూడదో అతనికి తెలియదు. అంటే చాలు, మెర్వ్ కోపం అక్కడికక్కడ నీరైపోతుంది. పర్ల్ కూర గిన్నెతో పరిగెత్తుకొస్తుంది.

అదే వద్దన్నాడు వెండెల్. పెద్ద డాక్టరు పరీక్షలన్నీ చేసి రోగం పేరు చెప్పిన రోజు, ఆస్పత్రి బయట కారులో కూర్చుని, ఆమె రెండు చేతులూ పట్టుకుని మాట తీసుకున్నాడు. చర్చిలో ఎవరికీ తెలియకూడదు. ప్రభు భోజనం వేళ ద్రాక్షారసపు పాత్ర పట్టుకుని వరసగా ఒక్కొక్కరికీ అందించేది అతనే. ముప్ఫై ఏళ్ళుగా అతనే. ‘తెలిసిన రోజున ఆ పాత్ర నా చేతుల్లోంచి తీసేసుకుంటారు, ఫ్రీ. కోపంతో తీసుకుంటే కొట్లాడతాను. జాలితో తీసుకుంటారు. దానికి నేనేం చెయ్యను?’ అన్నాడు. ఆమె మాట ఇచ్చింది. ఇచ్చేటప్పుడు అదేమంత కష్టమనిపించలేదు.

మర్నాడు ఫోను మోగితే తీసింది. అవతల రొవీనా.

ఆమె కోప్పడలేదు. కోప్పడి ఉంటే ఫ్రీడాకి సులువుగా ఉండేది. తన సంఘంలో వాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం మానేశారని చెప్పింది. కొందరు ఆమెను తప్పించుకుని పోతున్నారట, కొందరు వీడుకోలు కేకులు కూడా తెచ్చేశారట. పధ్నాలుగేళ్ళ అనుబంధం తను చేతులారా విప్పుకోవలసింది, ఎవరో కత్తిరించి పారేసినట్టయిందని అంది. తరవాత మెల్లగా అడిగింది, “ఎలా జరిగింది, మిసెస్ లాక్‌హార్ట్?”

“నేను చెప్పాను. నా తప్పే.”

“ఎందుకు చెప్పారు?”

ఫ్రీడా ఫోను తీగ వేలికి చుట్టుకుంది. ఈ కాలంలో తీగ ఉన్న ఫోను వాళ్ళింట్లోనే ఉంది. కొత్తది పెడితే వెండెల్‌కి వాడటం రావడం లేదని తీసేసింది.

“చూడండి,” అంది రొవీనా. “నేను రావడం ఇష్టం లేనివాళ్ళెవరో కావాలని చేసిన పనైతే, నేను అక్కడికి రాలేను. అలాంటి సంఘాన్ని ఒకసారి చూశాను, అందులోంచి బయటపడటానికి నాకు చాలాకాలం పట్టింది. మనిషన్నాక ఉండే బలహీనతైతే అది వేరు. దాంతో బతకగలను. ఏదో ఒకటి తెలియాలి నాకు. ఆదివారం సాయంత్రానికి జవాబు చెప్తానని బిషప్‌గారికి మాట ఇచ్చాను.”

“కావాలని చేసింది కాదు.”

“మరి?”

ముందు నుయ్యి, వెనక గొయ్యి. పక్కగదిలో వెండెల్ ఈల వేస్తున్నాడు. ఏదో పాత డాన్సు పాట, సగం దాకా వచ్చి మళ్ళీ మొదటికి.

“నాకింకేం చెప్పడానికి లేదు,” అంది ఫ్రీడా. తరవాత రొవీనా, మీ కోసం ప్రార్థిస్తాను అని ఫోను పెట్టేసింది.

ఆ మాటకి ఫ్రీడాకి ఒళ్ళు మండింది. ప్రార్థనలు చాలు, తల్లీ. ప్రార్థనతోనే కొంప మునిగింది.

బుధవారం పొద్దువాలే వేళకి ఇక ఉగ్గబట్టలేకపోయింది. వెండెల్ చొక్కా గుండీలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకుని వచ్చి, నా మీద ఎందుకు కోపం అని మళ్ళీ అడిగాడు. ఆమె గుండీలు విప్పి, సరిచేసి పెడుతూ, మొత్తం చెప్పేసింది. పేరు చెప్పడం, లేచి నిలబడటం, ఆస్పత్రిలో ముసలావిడ, మెర్వ్, రొవీనా. ఒక్కటీ దాచలేదు. కసిగా చెప్పింది. అతనికి తగలాలని చెప్పింది.

తగిలింది.

“నేనా?” అన్నాడు.

“నువ్వే.”

“అందరి ముందూ?”

“అందరి ముందూ.”

అతను మెల్లగా కూర్చున్నాడు. మొహం పాలిపోయింది. షాపులో ఒక్కసారైనా, అని మొదలుపెట్టి ఆపేశాడు. రెండు అరచేతుల్లో మొహం దాచుకుని ఏడ్చాడు. పెళ్ళయ్యాక అతను అలా ఏడవడం ఆమె చూడలేదు, తమ్ముడు పోయినప్పుడు కూడా. ఆమె కసి అంతా ఎటు పోయిందో పోయింది. పక్కన మోకాళ్ళ మీద కూర్చుని అతని తల ఒళ్ళోకి తీసుకుంది.

“వెళ్ళి చెప్పు వాళ్ళకి,” అన్నాడు వెండెల్. మాటలు స్పష్టంగా ఉన్నాయి, పాత వెండెల్ మాటల్లాగే. “నా బుర్ర చెడిపోయిందని చెప్పు. నీ మీద పడనివ్వకు. ఆ పాత్ర పోతే పోనీ. విన్నావా, ఫ్రీడా?”

“విన్నాను.”

“చెప్తానని అను.”

“చెప్తాను,” అంది. రెండేళ్ళుగా గుండెల మీదున్న బండ ఎవరో పక్కకు జరిపినట్టయింది. లేచి స్టవ్ వెలిగించి, సూపు వేడి చేసింది. చేస్తూ చేస్తూ ఆదివారం కమిటీలో ఏం మాట్లాడాలో కూడగట్టుకుంది. మెర్వ్ మొహం ఎలా మారుతుందో కూడా ఊహించుకుంది. ఆ కాసేపూ ఆమె సంతోషంగా ఉందంటే తప్పు పట్టకండి.

సూపు బల్ల మీద పెట్టేసరికి వెండెల్ కళ్ళు తుడుచుకుంటున్నాడు, ఎందుకు తడిగా ఉన్నాయో తెలియనట్టు.

“నాకు జలుబు పట్టినట్టుంది,” అన్నాడు. రెండు చెంచాలు తాగి, గొంతు తగ్గించి, “చర్చిలో ఎవరికీ చెప్పలేదు కదా, నా సంగతి? నువ్వు మాట ఇచ్చావు,” అన్నాడు.

పాత్ర పోతే పోనీ అన్న వెండెల్ ఒకడు, మాట నిలబెట్టుకోమంటున్న వెండెల్ ఒకడు. ఇద్దరూ ఆమె మొగుడే. మొదటివాడు అరగంట కిందటే వెళ్ళిపోయాడు. రెండోవాడు ఎదురుగా కూర్చుని, చెంచా పట్టుకుని, జవాబు కోసం చూస్తున్నాడు. కాపురం చెయ్యవలసింది ఇతనితో.

“ఎవరికీ చెప్పలేదు,” అంది.

“చెప్పవుగా?”

“చెప్పను.”

అతను తృప్తిగా తలూపి, “సూపు చాలా బాగుందండీ, థాంక్స్,” అన్నాడు. ఎగతాళికి అన్నాడనుకుంది ఆమె. తను ఇందాక కసిగా అన్నదానికి కోపం ఇంకా ఎక్కడో మిగిలి, అలా మర్యాదతో దెప్పుతున్నాడనుకుంది. అంతకుముందు కూడా, అలిగినప్పుడు అతను అలాగే పరాయిగా మాట్లాడేవాడు.

శనివారం దాకా అలాగే ఉన్నాడు. తలుపు తీసి పట్టుకుని ఆమెను ముందు వెళ్ళనిచ్చాడు. ఆమె వంటింట్లో సింకు దగ్గర నిలబడి ఏడుస్తుంటే, గుమ్మంలో నిలబడి చూసి, అడుగు వెనక్కి వేసి వెళ్ళిపోయాడు. పేరు పెట్టి పిలవలేదు. పంతం ఇంకా వదల్లేదనుకుంది ఫ్రీడా. వదలకపోతే మానె, ఆదివారం దాటనీ అనుకుంది.

ఏం చెయ్యాలో నిశ్చయించుకుంది. కమిటీ ముందు నిలబడి, అవును, దాచక్కర్లేదని నేనే చెప్పాను, గొప్పకి పోయి చెప్పాను, అంటుంది. కమిటీలోంచి తప్పుకుంటుంది. అవతల రొవీనా రాననుకుంటే, చర్చికి తాళం పడితే, ఊరు ఊరంతా తన మొహాన ఉమ్మేస్తే, ఆ పాపం తనదే. వాళ్ళమ్మ సమాధి దగ్గరికి తాళం తీయించుకుని వెళ్ళవలసి వస్తుంది. అయినా అంతే.

ఆదివారం వెండెల్‌ని ఇంట్లో ఉంచేద్దామనుకుంది. ఆమె కోటు తొడుక్కునేసరికి అతను టై కట్టుకుని, కారులో కూర్చుని ఉన్నాడు. టై చక్కగా కట్టుకున్నాడు.

చర్చి మామూలు ఆదివారం కంటే నిండుగా ఉంది. గురువుని వెతకడానికి రాని జనం, గొడవ చూడటానికి వచ్చారు. ఫ్రీడా, వెండెల్ ఎప్పుడూ కూర్చునే బెంచీలో మిగతా మనుషులు జరిగి, కావలసిన దానికంటే ఎక్కువ చోటిచ్చారు. పర్ల్ ఆర్గాన్ దగ్గర్నుంచి ఒకసారి చూసి తల దించుకుంది. మెర్వ్ ముందు వరసలో, మెడ నిటారుగా పెట్టుకుని కూర్చున్నాడు.

పాఠాలయ్యాయి. ప్రసంగం అయింది. ఫాదర్ కోలమ్ ఏం చెప్పాడో ఫ్రీడాకి ఒక్క ముక్క తెలియదు. ప్రార్థనలు మొదలయ్యాయి. లోకం కోసం, బిషప్‌గారి కోసం, ఆకలిగొన్నవాళ్ళ కోసం. ఆమె వెండెల్ కోటు చేతిని బెంచీ కింద గట్టిగా పట్టుకుంది.

ఫాదర్ కోలమ్ ఒక్క క్షణం తటపటాయించాడు. ఈ వారం ఆ ఖాళీ వదలకుండా దాటేస్తే బాగుండునని అతనికీ ఉన్నట్టుంది. కానీ దాటెయ్యడానికి వీల్లేదు. మీ మనసులో ఉన్నవారి పేర్లు పైకైనా సరే, మౌనంగానైనా సరే, అన్నాడు.

ఎవరూ పలకలేదు. ఎవరి మేనత్తకీ మోకాలు నొప్పి లేదు ఆ రోజు.

వెండెల్ ఆమె వేళ్ళను మర్యాదగా విడిపించుకుని లేచాడు.

మెర్వ్ గిరుక్కున వెనక్కి తిరిగాడు. ఫ్రీడా కళ్ళు మూసుకుంది.

“ఈవిడ కోసం,” అన్నాడు వెండెల్, పాఠం చదివే ఆ గొంతుతోనే. “ఇక్కడ నా పక్కన కూర్చున్నారు, ఈవిడ కోసం. మా ఇంట్లోనే ఉంటారు. వారం నుంచీ వంటింట్లో ఒక్కరే ఏడుస్తున్నారు. ఎవరో ఏదో అన్నట్టున్నారు. నన్ను చాలా బాగా చూసుకుంటారు. పేరు...” ఆగాడు. వెతుక్కున్నాడు. చర్చి అంతా అతనితోపాటు వెతుక్కుంది. “పేరు నాకు రావడం లేదు. క్షమించాలి.”

కూర్చున్నాడు.

బదులు పలకవలసిన నోళ్ళు పలకలేదు. ఫ్రీడా కళ్ళు తెరిచేసరికి మెర్విన్ టేట్ ఇంకా వెనక్కి తిరిగే ఉన్నాడు. అతని మొహంలో కోపం ఎక్కడా లేదు.

“ప్రభువా,” అన్నాడు మెర్వ్ ఒక్కడే. తరవాతి మాట రాలేదు అతనికి. వెనక ఎవరో అందుకున్నారు, పర్ల్ అందుకుంది, ఒక్కొక్కరే అందుకున్నారు. మా ప్రార్థన ఆలకించుము.

ఇచ్చిన మాట ఫ్రీడా తప్పలేదు. తప్పకుండానే అంతా అయిపోయింది. ఇక కమిటీకి చెప్పడానికి ఏమీ మిగల్లేదు. సాయంత్రం రొవీనాకి ఎవరు ఫోను చేస్తారో, ఆమె ఏమంటుందో, కాసేపట్లో పంచవలసిన పాత్ర వెండెల్ చేతికి ఇస్తారో ఇవ్వరో, ఏదీ ఆమె బుర్రకి ఎక్కడం లేదు. పక్కన కూర్చున్న మనిషి తనెవరో తెలియనివాడైపోయాడు. ఎప్పటినుంచో అయిపోయాడు. తను అది పంతమనుకుంది.

ఫాదర్ కోలమ్ ముందుకు సాగలేక, పుస్తకం మీద చెయ్యి పెట్టుకుని నిలబడిపోయాడు. ఖాళీ ఇంకా అలాగే తెరిచి ఉంది.

వెండెల్ ఆమె వైపు వంగాడు.

“ఏమీ అనుకోకండి,” అన్నాడు మెల్లగా. “పేరు లేకుండా చెప్పడం బాగుండలేదు. మీ పేరేమిటన్నారు?”

అతను ఓపిగ్గా ఆగాడు, మందుల షాపులో బల్ల అవతల నిలబడి రోగం చెప్పుకోలేని మనిషి కోసం ఆగినట్టే.

“ఫ్రీడా,” అంది.

“మంచి పేరు,” అన్నాడు వెండెల్. ముందు బెంచీ అంచు పట్టుకుని మళ్ళీ లేవబోయాడు.